పద్నాలుగు పాయింట్ ఎనిమిది

"లైన్లో నిలబడండి సార్. క్యాన్ ఏదీ?"

తల ఎత్తకుండానే అడిగింది ఆ అమ్మాయి.

గురుప్రసాద్ చేతిలో క్యాన్ లేదు. ల్యాప్‌టాప్ బ్యాగుంది, దాన్నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. నర్సీపట్నం అబీద్ సెంటర్లో బయలుదేరినప్పుడు ఒక్క చినుకు లేదు. బలిఘట్టం దాటేసరికి కుండపోత. స్కూటీ రోడ్డు మీదే వదిలేసి పాల కేంద్రం రేకుల షెడ్డులోకి పరిగెత్తుకొచ్చేసరికి, అక్కడ అతని కంటే ముందు ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"నేను పాలు పొయ్యడానికి రాలేదండీ. మీ ట్యాబ్‌లో యాప్ ఉంది కదా, అది రాసింది నేనే."

అప్పుడు తల ఎత్తింది. పెద్ద కళ్లు, ఆ కళ్లలో బోలెడంత కోపం.

"ఓహో! రోజూ సాయంత్రం నా ప్రాణం తీసే ఎర్ర గీత తమరిదేనా?"

లైన్లో ముందున్న జోగులమ్మ అనే ముసలావిడ పకపకా నవ్వింది. "ఇన్నాళ్లకి దొరికాడే లోవా! ఒగ్గీకు, అట్టుకో!"

ఇదీ గురుప్రసాద్, లోవలక్ష్మి మొదటిసారి కలుసుకున్న వైభోగం.

ఎర్ర గీత సంగతి చెప్పాలి. పాలు పోసేవాళ్ల క్యాన్లోంచి కాస్త శాంపిల్ తీసి మిషన్లో పెడితే మూడు అంకెలు చూపిస్తుంది. వెన్న ఎంత శాతం, వెన్న కాక మిగతా గట్టి పదార్థం ఎంత శాతం, రెండూ కలిపితే మొత్తం ఎంత. కేంద్రం చూసేవాళ్లు ఆ మూడూ ట్యాబ్‌లో కొట్టాలి. గురుప్రసాద్ యాప్ మొదటి రెండూ తను కూడుకుని, మూడోదానితో పోల్చి చూస్తుంది. సరిపోకపోతే చీటీ మీద ఎర్ర గీత పడుతుంది. మిషన్ ముఖం చూడకుండా నోటికొచ్చిన అంకెలు కొట్టేవాళ్లను పట్టుకోడానికి వేసిన ఎత్తు అది. ఆ ఎత్తు అచ్చంగా తనదేనని గురుప్రసాద్‌కి కాస్త గర్వం కూడా ఉంది.

"మిషను సెప్పిందే కొడతన్నానండీ. అయినా రోజుకి పది పన్నెండు గీతలు పడతన్నాయి. ఓసారి మీరే సూడండి," అంది లోవలక్ష్మి.

"చూస్తాను," అన్నాడు.

చూశాడు. ఆమె తడి జడను చూశాడు, శాంపిల్ గరిటె తిప్పే చేతిని చూశాడు. యాప్‌ను మాత్రం చూడలేదు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఆ ఊరు వెళ్లడం మొదలుపెట్టాడు. ఒకసారి ట్యాబ్ చార్జింగ్ చూడాలి. ఒకసారి సిగ్నల్ చూడాలి. ఒకసారి ఏం చూడాలో తెలియక, వెళ్లాక ఆలోచించుకున్నాడు.

"ఈరోజేటి పాడైంది సార్?" అనేది లోవలక్ష్మి, పెదవి బిగబట్టి.

"ఏం పాడవలేదు. పాడవకుండా ముందు జాగ్రత్త."

"అంత జాగ్రత్త మనిషి ఆ ఎర్ర గీత సంగతి సూడొచ్చు కదా?"

"చూస్తానన్నాను కదండీ."

"అన్నారు. మూడోసారి అన్నారు."

బీఎస్సీ చదివింది లోవలక్ష్మి. పాల సంఘం పెట్టిన పరీక్ష రాసి, పదిమందిలో మొదట వచ్చి ఆ కేంద్రం తీసుకుంది. ఊళ్లో ఎవరి గేదె పాలు ఎలా ఉంటాయో ఆమెకు వేళ్ల మీద ఉంటుంది. "మీ గౌరికి పచ్చిగడ్డి తగ్గిందేటమ్మా?" అని ఆమె అడిగితే జోగులమ్మ నోరు వెళ్లబెట్టేది. ఇంటికి తిరిగి వస్తూ బండి మీద ఒక్కడే నవ్వుకునేవాడు గురుప్రసాద్. ఆ అమ్మాయంటే పిచ్చి ఇష్టం పుట్టేసింది. కానీ ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే పని, అదే చెయ్యలేదు మన హీరో.

నెలాఖరు మీటింగు వచ్చింది. సంఘం హాల్లో పద్నాలుగు కేంద్రాల వాళ్లూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మేనేజరు సూర్యప్రకాష్ గారు కాగితం తీసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఎర్ర గీతలు మిగతా పదమూడు కేంద్రాల్లో కలిపి పదకొండు. ఒక్క లోవలక్ష్మి గారి కేంద్రంలో మూడొందల నలభై. ఏమ్మా, దీనికేటంటారు?"

హాలంతా వెనక్కి తిరిగింది. లోవలక్ష్మి లేచి నిలబడింది.

"మిషన్లో ఉన్నదే కొట్టానండీ. యాప్‌లోనే ఏదో ఉన్నాది. సార్‌కి సెప్పాను కూడా."

"ఏమండీ గురుప్రసాద్ గారూ? యాప్‌లో తేడా ఏమైనా ఉందంటారా?"

'చూసి చెప్తానండీ' అంటే సరిపోయేది. రెండే రెండు మాటలు. కానీ పదినిమిషాల క్రితమే మేనేజరు గారు ఇతన్ని 'మన ఊరి ఇంజినీరు' అని పరిచయం చేశారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. మూడుసార్లు అడిగినా చూడలేదని అంతమంది ముందు ఒప్పుకోడానికి నోరు రాలేదు.

"కంప్యూటర్ కూడికల్లో తప్పు చెయ్యదు సార్," అన్నాడు.

లోవలక్ష్మి అతని వైపు తిరిగింది.

"ఆరు పాయింట్ ఒకటి, ఎనిమిది పాయింట్ ఏడు. కలిపితే ఎంతండీ?"

"పద్నాలుగు పాయింట్ ఎనిమిది."

"నేనూ అదే కొట్టాను. ఇదిగో చీటీ. మరి గీత ఎందుకు పడ్డాదండీ?"

చీటీ అతని చేతికొచ్చింది. మూడంకెలూ సరిగ్గానే ఉన్నాయి, పక్కన ఎర్ర గీతా ఉంది. బుర్ర ఉన్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. గురుప్రసాద్ ఆగలేదు.

"ముందు తప్పు కొట్టి, తర్వాత దిద్ది ఉంటారు," అన్నాడు.

"అంటే నేను దొంగ అంకెలు కొట్టి దొరికిపోయానన్నమాట," అంది ఆమె మెల్లగా. ఏడవలేదు. చీటీ అతని చేతిలోనే వదిలేసి వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రమే కేంద్రం తాళాలు ఆమె దగ్గర తీసేసుకుని, పక్క ఊరి కేంద్రం చూసే రాజుబాబుకి తాత్కాలికంగా అప్పగించారు. లోవ పాల లెక్కలు మార్చేసిందట అన్న మాట తెల్లారేసరికి ఊరంతా పాకిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తినకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు గురుప్రసాద్. చీటీ పక్కనే ఉంది. 6.1 కొట్టాడు, ప్లస్ 8.7 కొట్టాడు, ఎంటర్ నొక్కాడు.

14.799999999999999.

కళ్లు నులుముకుని మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

అది తెలియని సంగతి కాదు, అదీ సిగ్గు. కంప్యూటర్ లెక్కంతా రెండ్లలో నడుస్తుంది. అర, పావు లాంటివి దానికి పూర్తిగా చిక్కుతాయి. పదో వంతు మాత్రం చిక్కదు. ఎక్కడో ఒకచోట తెంపేసి దాచుకుంటుంది. అందుకే దశాంశాల కూడిక జవాబును 'అచ్చంగా సమానమా' అని ఎప్పుడూ అడగకూడదు, 'తేడా లెక్కలోకి రానంత చిన్నదేనా' అని అడగాలి. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం ఇది. పోయిన ఏడాది ఒక కాలేజీలో ఇదే పాఠం ఇతగాడే నిలబడి చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చాడు!

అక్కడితో అయిపోలేదు. మిగతా పదమూడు కేంద్రాల అంకెలు తెరిచి చూశాడు. ఆరు, ఆరున్నర, ఎనిమిదిన్నర, తొమ్మిది. ఎవరూ పాయింట్ తర్వాత ఉన్నది ఉన్నట్టు కొట్టలేదు. మిషన్ ఏం చూపించినా దగ్గర్లో ఉన్న అరకు తోసేసి, మొత్తం తామే కూడి కొట్టేశారు. అరలతో కంప్యూటర్‌కి పేచీ లేదు కాబట్టి వాళ్లకు గీతలు లేవు. పద్నాలుగు మందిలో మిషన్ చెప్పింది చెప్పినట్టు కొట్టిన మనిషి ఒక్క లోవలక్ష్మి. దొంగను పట్టుకోడానికి రాసిన యాప్ ఏరి కోరి నిజాయితీగా ఉన్న మనిషినే పట్టింది.

ఇప్పుడైనా ఫోన్ తీసి సూర్యప్రకాష్ గారికి చెప్పాలి కదా? తీశాడు. నంబర్ దాకా వెళ్లాడు. హాలూ, చప్పట్లూ, 'కంప్యూటర్ కూడికల్లో తప్పు చెయ్యదు సార్' అన్న తన గొంతూ గుర్తొచ్చాయి. ఫోన్ బల్ల మీద పెట్టేసి, యాప్‌లో ఒక్క లైను మార్చి, అన్ని ట్యాబ్‌లకూ అప్‌డేట్ పంపించేశాడు. అప్‌డేట్‌లో ఏముందో రాయాల్సిన చోట 'చిన్న చిన్న మెరుగులు' అని రాశాడు.

ఇక గీతలు పడవు, గొడవ దానంతటదే చల్లారుతుంది, లోవలక్ష్మిని మళ్లీ పిలుస్తారు అనుకున్నాడు. పిరికివాడికి ఇలాంటి ఆలోచనలు చాలా చక్కగా వస్తాయి.

వారం తిరిగేసరికి సూర్యప్రకాష్ గారే ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"మీ యాప్ అద్భుతం అండీ! ఆ అమ్మాయిని తీసేసిన మర్నాటి నుంచి ఆ కేంద్రంలో ఒక్క ఎర్ర గీత ఉంటే ఒట్టు. ఇంకేం రుజువు కావాలి? రేపు సాయంత్రం నేనే వెళ్లి కేంద్రం రాజుబాబు పేరున రాసేస్తున్నాను. దొంగని భలే పట్టించారు!"

ఫోన్ పెట్టేశాక అలాగే కూర్చుండిపోయాడు గురుప్రసాద్. అనుమానం మాత్రమే ఉన్న చోట తనే రుజువు తయారుచేసి ఇచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏరా, అలా ఉన్నావేం?" అంటూ వాళ్లమ్మ లలితాంబ కాఫీ గ్లాసు పెట్టింది.

"అమ్మా, నేనొక వెధవ పని చేశాను."

మొత్తం చెప్పాడు. ఆ అమ్మాయంటే ఇష్టమన్న ముక్క కూడా దాచలేదు. లలితాంబ నిలబడే విన్నది.

"నాకు చెప్పి ఏం లాభం? ఎవరికి చేశావో వాళ్లకి చెప్పు."

"ఏ ముఖం పెట్టుకుని వెళ్లనమ్మా?"

"ఉన్నదొకటే కదరా. అదే పెట్టుకుని వెళ్లు."

మర్నాడు సాయంత్రం అయిదింటికి రేకుల షెడ్డు దగ్గర లైను ఎప్పటిలాగే ఉంది. బల్ల దగ్గర రాజుబాబు, పక్కన కుర్చీలో సూర్యప్రకాష్ గారు కాగితాలతో. లోవలక్ష్మి కూడా ఉంది, కానీ బల్ల ఇవతల. ఇంటి పాల క్యాన్ పట్టుకుని అందరిలాగే లైన్లో నిలబడింది. ఆమె ముందున్నవాళ్లు ఆమెతో మాట్లాడటం లేదు. అది చూసి గురుప్రసాద్ తిన్నగా బల్ల దగ్గరికి నడిచాడు.

"రండి రండి! సమయానికొచ్చారు," అన్నారు సూర్యప్రకాష్ గారు.

"సంతకం పెట్టకండి సార్. లోవలక్ష్మి గారి తప్పు లేదు. తప్పు నాది."

ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద అందరి వైపూ తిప్పాడు.

"ఆరు పాయింట్ ఒకటి, ఎనిమిది పాయింట్ ఏడు. చూడండి, కంప్యూటర్ ఎంత అంటోందో."

జోగులమ్మ ముందుకు వంగింది. "ఓలమ్మా! అన్ని తొమ్మిదులేటి బాబూ?"

"ఒక రొట్టెని మూడు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగం పాయింట్లలో రాయమంటే మనం సున్నా పాయింట్ మూడు మూడు మూడు అని రాస్తూనే పోతాం కదండీ, ఎక్కడో ఆపేస్తాం. దీనికి పదో వంతు రాయమన్నా అదే బాధ. అందుకని వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ తేడాని పట్టించుకోవద్దని దానికి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. లోవలక్ష్మి గారు ప్రతి అంకె మిషన్ చూపించినట్టే కొట్టారు. మిగతా కేంద్రాల్లో అందరూ అరలకి సరిచేసి కొట్టారు, అందుకే వాళ్లకి గీత పడలేదు."

రాజుబాబు గొంతు సవరించుకుని రేకుల కప్పు వైపు చూశాడు.

"మరి ఈవిడ వెళ్లాక గీతలు ఎందుకు ఆగిపోయాయండీ?" అన్నారు సూర్యప్రకాష్ గారు.

అదే అడగకూడదని దారంతా దేవుణ్ణి వేడుకుంటూ వచ్చాడు. అడిగారు.

"మీటింగు అయిన మర్నాడే నా తప్పు నాకు తెలిసింది సార్. చెప్పడానికి సిగ్గేసి, ఎవరికీ తెలియకుండా దిద్దేశాను. గీతలు అందుకే ఆగాయి. వారం రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను."

"అయ్యో అయ్యో! ఆడపిల్లని పట్టుకుని ఎంత మాటనిపించావు బాబూ!" అంది జోగులమ్మ. "మేమూ అనేసినాం కదే తల్లీ. నా నోరు పడిపోనూ!"

సూర్యప్రకాష్ గారు ఎర్రబడ్డ ముఖంతో కాగితాలు నిలువునా చింపి, తాళాలు తీసి లోవలక్ష్మి చేతిలో పెట్టారు. "క్షమించమ్మా," అన్నారు. తర్వాత గురుప్రసాద్ వైపు తిరిగి, "మీతో ఆఫీసులో మాట్లాడతాను," అని గట్టిగా అన్నారు.

లోవలక్ష్మి బల్ల అవతలికి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ట్యాబ్‌ను తన వైపు తిప్పుకుంది. కళ్లు తుడుచుకుంది. అప్పుడు అతని వంక చూసింది.

"మొదటిది తెలీక సేశారు."

"అవును."

"రెండోది తెలిసి సేశారు."

"అవును." తల ఇంకా కిందికి వంగిపోయింది. "మిమ్మల్ని క్షమించమని అడగను. ఇంకో సంగతి కూడా చెబుదామనుకునేవాణ్ణి, ఇప్పుడు దానికి నాకు ముఖం లేదు."

"ఇక్కడ లైన్లో ఉన్నది ఇరవై మంది. ఈ ఊళ్లో అరవై ఇళ్లున్నాయి. దొంగ అని అనుకున్నది అరవై ఇళ్ల వోళ్లూ," అంది లోవలక్ష్మి. "పక్కకి జరగండి. పాలు ఇరిగిపోతాయి."

మర్నాడు ఆదివారం. పొద్దున్న ఏడింటికే ఊళ్లోకి వచ్చి, మొదటి ఇంటి తలుపు కొట్టాడు గురుప్రసాద్.

"లోవలక్ష్మి గారి లెక్కలో తప్పు లేదండీ. యాప్ రాసినవాణ్ణి నేను. తప్పు నాది. తెలిశాక కూడా దాచాను."

మొదటి ఇంట్లో గడప మీదున్నాయన పళ్లు తోముకుంటూ విని, పుక్కిలించి ఉమ్మేసి లోపలికి పోయాడు. నాలుగో ఇంట్లో, "ఇంజినీరు సదువు సదివి కూడిక రాదేటి నీకు?" అని అడిగారు. రాదండీ అన్నాడు. పదకొండో ఇంట్లో ఒకావిడ మజ్జిగ ఇచ్చి మరీ తిట్టింది. ఇరవై దాటాక చిన్న పిల్లలు వెనక పడ్డారు. అతను నోరు తెరిచేలోపు వాళ్లే "తప్పు నాది" అని ముక్తకంఠంతో అరవడం మొదలుపెట్టారు. ముప్ఫై ఇళ్లకి గొంతు పోయింది. నలభై ఇళ్లకి చొక్కా పిండితే నీళ్లు. సిగ్గు మాత్రం ఏ ఇంటి దగ్గరా తగ్గలేదు, ప్రతి గడప దగ్గరా మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. అయినా ఒక్క ఇల్లు కూడా దాటెయ్యలేదు. తాళం వేసి ఉన్న రెండిళ్లకీ తిరిగి వెళ్లి మరీ చెప్పాడు.

చివరి ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. అరుగు మీద మంగరాజు గారు, లోవలక్ష్మి నాన్న, చుట్ట పట్టుకుని కూర్చున్నారు. వీధి పొడుగునా ఏం జరుగుతోందో ఆయనకు పొద్దున్నించీ తెలుస్తూనే ఉంది. ఏమీ అనకుండా లోపలికి కేకేశారు.

"అమ్మా లోవా! ఎవరో వొచ్చారు సూడు."

లోవలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

గురుప్రసాద్ ఆమె కాళ్ల వైపు చూస్తూ అలవాటైన పాఠం ఎత్తుకున్నాడు. "లోవలక్ష్మి గారి లెక్కలో తప్పు..."

"ఆ ముక్క నాకు తెలుసు. యాభై తొమ్మిది ఇళ్ల నుంచి వినబడతానే ఉంది," అంది. "ఇంకో సంగతేదో ఉందన్నారు. అది సెప్పండి."

"ఇప్పుడా?"

"ఎప్పుడు మరి? ఇంకో మూడుసార్లు నేనే అడగాలేటి?"

అరుగు మీద మంగరాజు గారు దగ్గారు. లోపల ఎవరిదో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడు గురుప్రసాద్, పోయిన గొంతుతోనే. "నిన్న నిజం చెప్పింది అందుకు కాదు. మీ తప్పు లేదు కాబట్టి చెప్పాను. ఇష్టం వేరు. మీరు నన్ను కాదన్నా నిన్నటి మాట మారదు."

లోవలక్ష్మి అరుగు వైపు తల తిప్పింది.

"మా నాన్నకి కూడా వినబడిందేటి?" అంది.

"చెవులు బాగానే ఉన్నాయే," అన్నారు మంగరాజు గారు. "అరవై గడపల్లో తలొంచుకున్నోడు రేపు నా ఇంట్లో అబద్ధం ఆడడు. ఆపైన నీ ఇష్టం."

గురుప్రసాద్ తల ఇంకా వంచుకునే ఉన్నాడు. ఆమె చెప్పులు, గుమ్మం ముగ్గు, తన దుమ్ము కాళ్లు, అంతకంటే పైకి చూపు వెళ్లడం లేదు.

"తలెత్తండి. నేల సూసుకునే మనిషికి నేను జవాబు సెప్పను."

ఎత్తాడు. పొద్దున్నించీ ఆ ఊళ్లో అతను ఒకరి కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

"నాకూ ఇష్టమే," అంది లోవలక్ష్మి, వీధిలోకి వినబడేంత గట్టిగా.